గాడి వైపు తల, మోరీ వైపు తోక

గౌలిపుర, హైదరాబాదు
జూన్, 1974

రాజమణి అక్కకు,

మేమందరం బాగున్నాము. బర్రె సంగతి మాత్రం చెప్పలేను, ఎందుకంటే దాన్ని అమ్మేశాము.

పితకడానికి కూర్చుంటే బాపు మోకాళ్ళు మళ్ళీ లేవనంటున్నాయి. అందుకని మిగిలిన ఒక్క బర్రెను కూడా బార్కాసు అతనికి ఇచ్చేశాడు. నానమ్మ ఒక పూట అన్నం మానేసింది. రెండో పూట ఆ పూటది కూడా కలిపి తిన్నది.

ఇప్పుడు కొట్టం ఖాళీ. అక్కా, ఆ ఖాళీని చూడగానే నా హృదయంలో ఒక స్వప్నం వికసించింది. అందులో ఒక లేత్ మిషన్ పెట్టాలి. బావ రోజూ నడిపే యంత్రమే. ఇనుప కడ్డీని పట్టుకొని గిరగిరా తిప్పుతుంటే, ఉలి లాంటి పనిముట్టు దాన్ని చెక్కి నున్నగా చేస్తుందే, అది. పాలిటెక్నిక్‌లో నలుగురికి కలిపి ఒక్కటి. నా వంతు వచ్చేసరికి గంట కొడతారు.

బాపు మొదట నవ్వాడు. తరువాత, "దసర దాకా చూస్త. అప్పటికి నీ మిషిన్ ఒక్క పనికొచ్చే వస్తువు జేస్తె కొట్టం నీది. లేకుంటె దసర తెల్లారి కొత్త బర్రెను తెచ్చి ఆడనే కట్టేస్త" అన్నాడు. తాను పితకలేకపోతే నేను పితకాలట.

రెండు యంత్రాలు చూశాను. ఒకటి రాణీగంజ్‌లో కొత్తది, పచ్చ రంగు, అద్దంలా మెరుస్తున్నది. రెండోది జహనుమాలో జగన్నాథరావుగారనే రిటైరైన ఇంజినీరుది, పాతది, నల్లగా దిగులుగా ఉన్నది. రెండింటి ధరా దాదాపు ఒకటే. ఏది కొనాలో బావను అడుగుదామని ఉంది. కానీ ఉగాదికి వచ్చినప్పుడు బాపు అందరి ముందు, "నీ చేతుల నూనె వాసనకు బర్రె పాలు చేపదు, జర దూరముండు అల్లుడా" అన్నప్పటి నుంచి బావ మన గడప తొక్కలేదు కదా. కోపం తగ్గిందా? నువ్వే ఎట్లాగైనా అడిగి రాయి.

నీ తమ్ముడు
విశ్వేశ్వర్


కాజీపేట, రైల్వే క్వార్టర్లు
జూన్

విస్సూ,

"స్వప్నం వికసించింది" అని చదివి, పోరనికి జరం గిట్ల వచ్చిందా అని ఫికర్ పడ్డ. మొత్తం చదివినంక అర్థమైంది. జరం కాదు, మిషిన్.

మీ బావను అడిగిన. ఆయన అన్నది అన్నట్టు రాస్తున్న, మంచిగ చదువుకో.

రంగు చూడొద్దు. అంగట్ల ముసలి బర్రెకు నూనె రాసి నిగనిగలాడిస్తరు చూడు, రంగు గసుంటిదే. కడ్డీని పట్టుకునే చక్ ఉంటది గద, దాని కింద ఒక కర్ర పెట్టి పైకి లేపు. టక్కుమని సప్పుడొస్తె లోపల అరిగింది, ఒద్దు. తర్వాత కింద పొడుగ్గ పట్టాల లెక్క ఉండేది బెడ్డు. దాని మీద జారే పెట్టెను తల నుంచి తోక దాక తోలు. పని ఎక్కువ నడిచేది తల కాడనే, అరిగేది కూడ ఆడనే. తల కాడ వదులుగ, తోక కాడ బిర్రుగ జారిందనుకో, ఆ మిషిన్ ముఖం చూడకు. అంతట ఒక్క తీర్గ జారితె, నల్లగున్నా ఎర్రగున్నా అదే కొను.

బావ కోపం సంగతి నీకెందుకు? చెప్తుండు గద. ఏదన్న ఉంటె నాకే రాయి, ఆయనకు వేరే రాసేది లేదు. డ్యూటీ నుంచి అలిసి వస్తడు.

రాజమణి


గౌలిపుర
జూలై

అక్కకు,

బావ మాట వేదవాక్కు. పచ్చ యంత్రం తల దగ్గర గడగడలాడింది. జహనుమా యంత్రం ఈ చివర నుంచి ఆ చివరి దాకా వెన్నలా జారింది. (బావ బర్రెల పోలికలు ఎప్పుడు నేర్చాడు? ఉగాది నాడు మన బర్రెను చూసి ఆవు అన్నాడు కదా!)

నేను యంత్ర భాగాలకు తెలుగు పేర్లు పెడుతున్నాను. తిప్పే భాగం శిరఃపీఠం. ఎదురుగా కడ్డీ రెండో కొసను ఆపే భాగం పుచ్ఛపీఠం. ఎట్లా ఉన్నాయి?

కొనడానికి బాపు కూడా వచ్చాడు. వద్దన్నా వచ్చాడు. వచ్చీ రాగానే మూత తీయించి గేర్ల పళ్ళు చూశాడు. ఒక గేరుకు రెండు పళ్ళు లేవు. "ముసల్ది. గాని మంచి జాతి" అన్నాడు. జగన్నాథరావుగారు ముచ్చటపడి కుర్చీ వేశారు. అంతలో బాపు భుజం మీది తువ్వాలు తీసి ఆయన చెయ్యి మీద కప్పి, కింద నుంచి వేళ్ళు పట్టుకున్నాడు!

"అయ్యయ్యో, ఏమిటండీ ఇది? చెయ్యి వదలండి!"

"బేరం సార్. నోటితోని చెప్తె పక్కనున్నోళ్ళు వింటరు."

"పక్కన ఎవరున్నారండీ? మీ అబ్బాయేగా!"

"అందుకే సార్."

అప్పుడే ఆయన భార్య సీతారావమ్మగారు కాఫీ తెచ్చి, మగవాళ్ళిద్దరూ తువ్వాలు కింద చేతులు పట్టుకొని కూర్చోవడం చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. బాపు ఒక వేలు నొక్కాడు. రావుగారికి కితకితలు పుట్టి పకపకా నవ్వారు. తన ధర విని ఎగతాళి చేస్తున్నాడనుకొని బాపు రెండు వేళ్ళు నొక్కాడు. ఆయన ఇంకా నవ్వారు. బాపు మూడు నొక్కాడు. ఆయన ఒక్క మాట మాట్లాడకుండానే బాపు తన ధర తానే పెంచుకుంటూ పోయాడు. చివరికి రావుగారే కళ్ళు తుడుచుకొని, "మీ ఇష్టమొచ్చింది ఇవ్వండి బాబూ, నా చెయ్యి నాకిచ్చేయండి" అన్నారు. దారి పొడుగునా బాపు, "గట్టి మనిషి. నవ్వుకుంటనే గుంజిండు" అని మెచ్చుకున్నాడు.

బండి మీద తెస్తుంటే ఛత్రినాక దగ్గర బోనాల జనంలో ఇరుక్కున్నాం. ముందు డప్పులు, వెనుక డప్పులు. ఒక పెద్దమ్మ చక్రాలకు నీళ్ళు పోసి, శిరఃపీఠానికి పసుపు పూసి, "ఏ గుడికి బిడ్డా?" అన్నది. "కొట్టానికి పెద్దమ్మా" అన్నాను. అయినా దండం పెట్టుకున్నది.

ఇప్పుడు దీన్ని ఎట్లా నిలబెట్టాలో బావను అడుగు.

విశ్వేశ్వర్


కాజీపేట
జూలై

విస్సూ,

నీ ఉత్తరం చదివి నవ్వుతుంటె పక్కింటి నాగమణమ్మ పరేషానై వచ్చింది. పుచ్ఛపీఠం గిచ్ఛపీఠం ఒద్దు. తల, తోక అను, సాలు.

బావ మాటలు: ఇంటి కరెంటుకు నడిచే మోటరే పెట్టు, పెద్ద మోటరైతె గల్లీ మొత్తం దీపాలు కండ్లార్పుతయ్. తిరిగే బెల్టు మీద రేకు మూత ఉండాలె. లుంగితోని, మెడల కండువతోని మిషిన్ కాడికి పోవద్దు, గుంజుకుంటది. చక్ తిప్పిన పానా అందులనే మరిచిపోయి మోటర్ ఎయ్యకు, అది తుపాకి గుండు లెక్క ఎగిరొస్తది. ఇగ మిషిన్ కాళ్ళ కాడ భూమిల నాటిన బోల్టులు పానం బెట్టి గట్టిగ బిగియ్యాలె. కదిలిందా, పని పాడు. ఇది మస్తు ముఖ్యమన్నడు.

బాపు మోకాళ్ళకు ఆముదం రాయమను.

రాజమణి


గౌలిపుర
ఆగస్టు

అక్కకు,

యంత్రం కొట్టంలో కొలువుదీరింది. కొత్త బర్రె వస్తే ఏమేం చేస్తామో నానమ్మ అన్నీ చేయించింది. గుమ్మం దగ్గర హారతి ఇచ్చింది, మిరపకాయలతో దిష్టి తీసింది, నల్ల దారానికి గవ్వలు కట్టి తల భాగానికి వేలాడదీసింది. పెట్టే చోటు కూడా ఆమే చెప్పింది. "తల గాడి దిక్కు, తోక మోరీ దిక్కు. మన ఇంట్ల అడ్డం ఎవ్వర్ని కట్టలే." బాపు అవునన్నాడు. పాత బర్రె నిలబడ్డ చోటే, గడ్డి వేసే గాడి వైపు తల, నీళ్ళు పోయే మోరీ వైపు తోక పెట్టి, బావ చెప్పినట్టు బోల్టులు ప్రాణం పెట్టి బిగించాను. అరచేతులు బొబ్బలెక్కాయి.

మొదటి పని కూడా వచ్చింది. సీతారాం అన్న పిండిగిర్ని ఇరుసు విరిగింది. బాపు స్నేహితుడు కదా, "బోని నీ కొడుకుదే" అని కొత్త కడ్డీ తెచ్చిచ్చాడు. ఎంత శ్రద్ధగా చెక్కాననుకున్నావు! వెండిలా మెరిసింది. కానీ కొలిచి చూస్తే తల వైపు సన్నం, తోక వైపు లావు. మళ్ళీ చెక్కాను. మళ్ళీ అంతే. బాపు చేతిలోకి తీసుకొని, క్యారెట్టును చూసినట్టు ఇటూ అటూ తిప్పి, "ఇది ఇరుసా, గాజరా?" అన్నాడు. పాడైన కడ్డీ తీసుకొని సీతారాం అన్న పక్కన పెట్టాడు. ఇంకో కడ్డీ ఇచ్చి, "ఇది ఆఖరుది తమ్మీ" అన్నాడు.

గిర్ని ఆగిపోయి గౌలిపుర ఆడవాళ్ళందరూ జొన్నలు నెత్తిన పెట్టుకొని ఛత్రినాక దాకా నడుస్తున్నారు. పోతూ పోతూ మన గుమ్మం ముందు ఆగి నన్ను ఆశీర్వదిస్తున్నారు. ఆ మాటలు రాయలేను.

బావ సలహాలు విని బాపు మెత్తబడ్డాడు. "అల్లుడు కడుపుల ఏం పెట్టుకోలే" అని, అమ్మ చేత నెయ్యి కాయించి ఒక డబ్బా మీకు పంపాడు. ఎదురింటి బుచ్చయ్య మామ తెస్తున్నాడు. బావ తినాలట.

ఈ గాజరుకు మందు ఏమిటో అడుగు.

విశ్వేశ్వర్


కాజీపేట
సెప్టెంబరు

విస్సూ,

నెయ్యి ఎందుకు పంపినవ్ర! ఎవడు పంపుమన్నడు? ముట్టింది. మంచిగుంది. ఇగ పంపకు.

ఒక మాట అడుగుత, నిజం చెప్పు. నువ్వు పుట్టినప్పటి సంది ఆ కొట్టాన్ని ఒక్కసారన్న కడిగినవా? కడగలే. నేను కడిగిన, లగ్గమయ్యేదాక పొద్దుకొకసారి. ఆ నేల సాపుగ ఉండది. గాడి దిక్కు నుంచి మోరీ దిక్కుకు ఏటవాలు ఉంటది, నీళ్ళు పోవాలె గద! దాని మీదికెళ్ళి మన బర్రె ఎడమ ఎనక కాలు ఏసి ఏసి ఆ బండ కుంగింది. ఎన్ని సార్లు ఊడ్చినా ఆడ నీళ్ళు నిలుస్తుండె, నేను చీపురు తిరగేసి తోడుతుంటి. బర్రె నిలబడ్డ కాడనే మిషిన్ నిలబెట్టినవంటె, దాని తోక దిక్కు కాలు సక్కగ పోయి ఆ గుంతల కూసుంది.

గుంత నింపు. బోల్టులు మళ్ళ బిగియ్యి. సరైతది.

రాజమణి


గౌలిపుర
సెప్టెంబరు చివర

అక్కకు,

నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. గుంత ఉన్నది. నేను సిగ్గుపడి, ఆ సిగ్గుకు తగిన మాట నిఘంటువులో వెతికి, దొరకక వదిలేశాను.

కాలు కింద సిమెంటు కూరి, ఆరిన తరువాత బావ చెప్పినట్టే మునుపటికంటే గట్టిగా బోల్టులు బిగించాను. పానా మీద బాపు కూడా ఎక్కి నిలబడ్డాడు. చిన్న ముక్క చెక్కి చూశాను. ఇప్పుడు తల వైపు లావు, తోక వైపు సన్నం. గాజరు తిరగబడింది, అంతే.

నిన్న బాపు నార్సింగి అంగడికి పోయి బర్రెను చూసి వచ్చాడు. "ఊకెనే చూసొచ్చిన" అన్నాడు. కానీ గాడిలో పాత గడ్డి ఊడ్చి పెట్టాడు. అక్కా, నాకు ఏడుపొచ్చింది. యంత్రం మంచిదే. చెయ్యీ చెడ్డది కాదు. ఎక్కడో ఏదో తప్పు జరుగుతున్నది, దసర మీదికొచ్చింది.

ఇక నీ ద్వారా ఆలస్యం అవుతున్నదని, ఈ ఉత్తరంతో పాటే బావ పేరు మీద నేరుగా ఒకటి వేశాను. ఆయన ఇప్పటిదాకా చెప్పిన ప్రతి మాటకూ కృతజ్ఞత చెప్పాను. నెయ్యి సంగతీ రాశాను. కోపం మరిచినందుకు బాపు ఎంత సంతోషపడుతున్నాడో కూడా రాశాను.

విశ్వేశ్వర్


కాజీపేట
అక్టోబరు

ఒరేయ్ విస్సూ,

కొంప ముంచినవ్.

నీ బావ నీకు ఒక్క మాట చెప్పలే. నువ్వు లేత్ కొన్న సంగతే ఆయనకు తెల్వది. ఉగాది సంది గౌలిపుర పేరెత్తొద్దన్నడు. నేను ఎత్తలే. రొట్టెలు చేసుకుంట ఊకెనే అడిగినట్టు అడిగిన. "ఏమయ్యా, లేత్ మిషిన్ మంచిదో చెడ్డదో ఎట్ల తెలుస్తది?" అని ఒకనాడు. "కొత్తది పెడితె ఎట్ల నిలబెడ్తరు?" అని ఇంకోనాడు. ఆయన ముఖం ఎట్ల వెలిగిందో తెలుసా? పెండ్లయినప్పటి సంది నేను ఆయన పని గురించి అడిగింది లేదు. పళ్ళెంల పప్పుతోని బెడ్డు గీసి చూపిచ్చిండు. ఒకనాడు ఇత్తడి ముక్కను గుండ్రంగ చెక్కి, నున్నగ చేసి, "నీకే" అని తెచ్చిచ్చిండు. అది చూస్తె నాకు అన్నం దిగలే. నెయ్యి బజార్ల కొన్న అని చెప్పిన. "బజార్ల నెయ్యి గిట్ల ఉంటదా" అనుకుంటనే ముద్ద ముద్దకు పోసుకున్నడు.

పోస్టాయన నీ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చిండు. నిలబడి చదివిండు. కూసుండి మళ్ళ చదివిండు. ఇగ లొల్లి అయితదనుకున్న. నెయ్యి మాట ఎత్తలే, బాపు మాట ఎత్తలే. నా దిక్కు చూసి, "బోల్టులు ముందుగాలనే బిగియ్యుమని నేను చెప్పిననా?" అన్నడు.

"చెప్పినవ్. మస్తు ముఖ్యమన్నవ్."

"మొదలు వదులుగ నిలబెట్టి, ఏ కాలు లేస్తుందో చూసి, దాని కింద రేకు పెట్టి, రసమట్టం చూసుకుంట, ఆఖరుకు బిగియ్యాలె అన్న. గది చెప్తుంటె నువ్వేడున్నవ్?"

అప్పుడు యాదికొచ్చింది. రొట్టె మాడుతుందని పొయ్యి కాడికి పోయిన. వచ్చేసరికి ఆయన "గట్టిగ బిగియ్యాలె" కాడ ఉన్నడు. నేను అది ఒక్కటే రాసిన.

అంతె, లేచి అంగి తొడుక్కున్నడు. "ఇన్నేండ్ల నౌకరిల నా పేరు మీద ఒక్క తప్పు పని బయటికి పోలే. గౌలిపురల నా పేరు చెప్పి బెడ్డు మెలిదిప్పుతున్నరు. పోయి సరిజేసొస్త. మామతోని మాత్రం మాట్లాడ, ముందే చెప్తున్న" అన్నడు. రసమట్టం సంచిల పెట్టుకొని, దసరకు సెలవు రాసిచ్చి, రేపు పొద్దుటి బండికి వస్తుండు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి పంపుతున్న. చదవనని ఒట్టేసిండు. మా అత్తకు పానం బాగ లేదు, నేను రాలేను. ఏం జరిగిందో ప్రతి ముక్క రాయి.

రాజమణి


గౌలిపుర
దసర తెల్లారి

అక్కకు,

ప్రతి ముక్కా రాస్తున్నాను.

బావ వచ్చి చెప్పులు విడిచి, నానమ్మకు దండం పెట్టి, సక్కగా కొట్టంలోకి పోయాడు. బాపు ఎదురుగానే ఉన్నాడు. ఇద్దరూ నన్నే చూశారు.

"మీ బాపుకు చెప్పు, జర వెలుతురుకు అడ్డం జరగమను" అన్నాడు బావ.

"మీ బావకు చెప్పు, ఇది నా కొట్టం, యాడ నిలబడాల్నో నాకు తెలుసు" అన్నాడు బాపు. చెప్పి, జరిగాడు.

బావ బోల్టులన్నీ వదులు చేశాడు. నమ్ముతావా, యంత్రం ఒళ్ళు విరుచుకున్నట్టు కిర్రుమన్నది. తోక దిక్కు కాలు ఒక మూల నేలకు ఆనలేదు. నేను గుంతలో కూరిన సిమెంటు రెండో మూలను ఎత్తి పట్టింది. అట్లా ఉన్నదాన్ని ప్రాణం పెట్టి బిగించేసరికి బెడ్డు తడిబట్ట పిండినట్టు మెలిపడింది. గాడి నుంచి మోరీకి ఏటవాలు ఉండడం తప్పు కాదట. "వాలితె ఏం గాదు, మెలి ఉండొద్దు" అన్నాడు బావ. నానమ్మ వెంటనే, "నేను పెట్టించిన దిక్కు తప్పు గాదంట, ఇన్నరా?" అని వాడకంతా చెప్పింది.

బావ సిమెంటు కొట్టేసి, పలుచని రేకు ముక్కలు ఒకటొకటిగా కాలు కింద పెట్టాడు. రసమట్టం బెడ్డు మీద అడ్డంగా పెట్టి, తల దగ్గర ఒకసారి, తోక దగ్గర ఒకసారి చూశాడు. రెండు చోట్లా నీటి బుడగ ఒకే తీరుగా నిలవాలి. నేను అందుకునేలోపే పానా బాపు తీసుకున్నాడు.

"మీ బాపుకు చెప్పు, పావు చుట్టు."

"పావు చుట్టు బాపూ."

"ఇన్న. నాకు చెవులున్నయ్."

"మీ బాపుకు చెప్పు, ఇంక జరంత."

నేను చెప్పేలోపు బాపు తిప్పేస్తున్నాడు. నేను చెప్తే మళ్ళీ తిప్పుతున్నాడు. బుడగ పరుగెత్తింది. బావ అరిచాడు. "మామా! ఆగు!"

బాపు ఆగాడు. బాపు పానా వదలకుండా, బావ దిక్కు చూడకుండా అన్నాడు. "గట్ల సీదా చెప్పు మరి. వీని నోట్లకెళ్ళి వచ్చేసరికి ఆలస్యమైతుంది."

"ఎనకకు. వెంట్రుకంత."

"గింతనా?"

"గంతే. సాలు. మంచి చెయ్యి మామా నీది."

"బర్రెల పొదుగు పట్టిన చెయ్యి అల్లుడా. ఇనుమును నొప్పియ్యది."

అక్కా, నేను ఆ పక్కకు తిరిగి నిలబడ్డాను.

ఆఖరి కడ్డీని చక్‌లో బిగించాను. చెక్కుతుంటే బావ చేతులు వెనక్కి కట్టుకొని నిలబడ్డాడు, ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. కొలిచాను. తల దగ్గర ఎంతో తోక దగ్గర అంతే. మధ్యలోనూ అంతే. బాపు కొలత పట్టీని నమ్మక వేళ్ళతో నిమిరి చూశాడు, కళ్ళు మూసుకొని. చూసి, సీతారాం అన్నను పిలవడానికి పోయాడు. సాయంత్రానికి గిర్ని తిరిగింది. నన్ను తిట్టిన ఆడవాళ్ళే పిండి డబ్బాలతో వరుస కట్టారు. ఒకామె, "పోరడు చేసిండంట, ఇరుసు మెత్తగ తిరుగుతుంది" అన్నది.

ఇది నిన్నటి సంగతి. నిన్న పొద్దుననే, బావ రాకముందే, దసర పూజకు యంత్రాన్ని కడిగి, బొట్లు పెట్టాం. ఇవాళ దసర తెల్లారి, బాపు బర్రెను తెస్తానన్న రోజు. నార్సింగి బర్రె సంగతి అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. టీ తాగుతూ బావ మాత్రం, "మామా, అంత మంచిగనే ఉంది గాని పనిముట్టు మొన కాడ చీకటి. ఎడమ దిక్కు గోడకు ఒక కిటికి ఉంటె బాగుండు" అన్నాడు.

బాపు టీ గ్లాసు కింద పెట్టి లోపలికి పోయాడు. గడ్డపార తెచ్చి, కొలత లేదు, గీత లేదు, వాళ్ళ నాయన కట్టిన గోడను కొట్టడం మొదలుపెట్టాడు. బావ, "కిందికి మామా, గంత మీదికి కాదు" అంటాడు. బాపు, "నా గోడ నాకు తెలుసు" అంటాడు. ఇప్పుడు నా ద్వారా కాదు, నేరుగానే కొట్లాడుకుంటున్నారు. నేను ఇది రాస్తున్నప్పుడు కూడా వినబడుతున్నది.

దుమ్ము చూసి నానమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏంది కొడుకా గీ పని? రేపు బర్రె వస్తె సలిగాలి కొట్టదా దానికి?"

బాపు గడ్డపార ఆపి, చెమట తుడుచుకొని అన్నాడు.

"బర్రెకు ఎవడన్న కిటికి పెడ్తడానే అవ్వా?"

విశ్వేశ్వర్